రోహిణి ఎండల్లో అల్లిన సంచి

లింగమూర్తికి పోయింది దమ్ము. పాడైందని చెప్పుకోవలసింది మాత్రం చెయ్యి. ఇదెక్కడి లెక్కో అతనికి అంతుపట్టలేదు. ఎదురు మాట్లాడే అలవాటు లేని మనిషి గనుక తల ఊపి ఊరుకున్నాడు.

లెక్క చెప్పినవాడు అతని భార్య సారలమ్మకు అన్న, ఎల్లేశం. ఐదేళ్ల కింద మెడికల్ బోర్డుకు పోయి, అన్‌ఫిట్ రాయించుకొని, తన బొగ్గుబాయి నౌకరి కొడుక్కు ఇప్పించుకున్నాడు. అప్పటినుంచి కాలనీలో ఎవరు బోర్డుకు పోవాలన్నా ముందు ఎల్లేశం గడప తొక్కాల్సిందే. చెల్లె ఇల్లు గనుక ఇక్కడికి మాత్రం తనే నడిచి వచ్చాడు. క్వార్టరు ముందరి అరుగు మీద కాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు.

"చూడు బావా. నీ దమ్ము పోయిందని నీకెర్కే, నాకెర్కే. ఫొటోకు ఎర్క లేదు. ఛాతి ఎక్స్‌రే ఫొటో సాఫ్ వచ్చింది. బోర్డోళ్లు ఫొటోను నమ్ముతరు గని నిన్ను నమ్మరు. ఇగ మిగిలింది చెయ్యి. ఆరేండ్ల కింద బాయిల కుడి భుజం మీద రాయి పడ్డదా లేదా?"

"పడ్డది," అంది సారలమ్మ. "దవాఖాన కాయిదం ఉన్నది."

"గంతే. ఆ రాయి పడ్డకాన్నుంచి చేతిల పట్టు లేదు. వణుకుతది. అంగీ గుండీ పెట్టరాదు. అన్నం బుక్క జారిపోతది. గిదే మాట. ఇంకో మాట మాట్లాడకు బావా."

"ఆయనకు మాట్లాడుడే రాదు. గా ఫికర్ నీకెందుకే అన్నా."

గోడకు ఆనుకొని నిలబడ్డ జగదీశ్వర్ నవ్వలేదు. లింగమూర్తికి ఒక్కగానొక్క కొడుకు. మట్టి లారీ తోలేవాడు. ఉగాదికి కాంట్రాక్టరు మారాడు, పాత డ్రైవర్లను వద్దన్నాడు. అప్పటినుంచి ఇంట్లోనే. అతని భార్య జమున పిల్లను ఎత్తుకొని పెద్దపల్లికి, తల్లిగారింటికి పోయింది. "నౌకరి కాయిదం వచ్చిన్నాడు ఫోన్ చెయ్యి," అని చెప్పి పోయింది. తండ్రి అన్‌ఫిట్ అయితే ఆ నౌకరి జగదీశ్వర్‌ది. కాకపోతే ఏదీ లేదు. లింగమూర్తికి ఇదే ఆఖరి బోర్డు. ఇది దాటితే రిటైరు దగ్గర పడుతుంది, అప్పుడు కొడుకు పేరు రాసుకునేవాళ్లుండరు.

ఎల్లేశం పోయేముందు వణుకుడు నేర్పించాడు. చెయ్యి చాపమన్నాడు. లింగమూర్తి చాపి ఆడించాడు.

"గంత గాదు బావా! సమ్మక్క జాతరల పూనకం వచ్చినట్టు ఊపుతున్నవ్. సన్నగ. చలిల కోడిపిల్ల వణికినట్టు."

లింగమూర్తి మళ్లీ చాపాడు. సన్నగా వణికించాడు.

"ఆఁ, గట్ల! పది దినాలు గట్లనే ఉండాలె. కాలనీల ఎవలు చూసినా గట్లనే కండ్లవడాలె. ఎవలు పోయి ఎక్కడ చెప్తరో ఎవలకెర్క?"

ఆ మాటతోనే సారలమ్మ లోపలికి పోయింది. కిటికీ ఊచకు వేలాడుతున్న పచ్చ నైలాన్ దారం విప్పింది. దాని చివర సగం అల్లిన వల ఉంది. వలను, వెదురు సూదిని, కన్ను కొలిచే వెదురు బద్దను ఒక్కచోట చుట్టి బియ్యం డ్రమ్ములో, బియ్యం కింద పూడ్చేసింది.

డ్రమ్ము మూత పడ్డ చప్పుడు లింగమూర్తికి అరుగు మీదికి వినిపించింది.

బాయిలో అతనిది టింబర్‌మన్ పని. పైకప్పు కూలకుండా దుంగలు కోసి నిలబెట్టాలి. ఇంట్లో అతనిది వల పని. గోదావరి ఒడ్డు ఊళ్లో పుట్టాడు. అరుగు మీద కూర్చొని, దారాన్ని కాలి బొటనవేలికి తగిలించి, సూదిని బద్ద మీదుగా తిప్పి ముడి లాగితే ఒక కన్ను. ఇంకోటి లాగితే ఇంకో కన్ను. ఎన్ని వేల కన్నులైనా ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా ఉండదు. ఎండాకాలంలో ఒక విసురు వల. మిరుగు ముందర, అంటే మృగశిర కార్తె వచ్చేలోపు, అది పూర్తి కావాలి. తనకు నీళ్లలోకి దిగే దమ్ము లేదు గనుక ఒడ్డున ఎవరో ఒకరికి ఇచ్చేస్తాడు. వాళ్లు ఒక చేప తెచ్చిస్తారు. మిరుగు నాడు చేప ముక్క నోట్లో పడితే ఆ ఏడు దగ్గు రాదని సారలమ్మ పులుసు పెడుతుంది. దగ్గు వస్తూనే ఉంటుంది. మళ్లీ ఎండాకాలానికి మళ్లీ వల.

ఆ పని చేస్తున్నంతసేపు అతనికి దమ్ము సంగతి యాదికి రాదు. ఎవరికీ చెప్పలేదు గాని, లోపలికి పోయే గాలి, బయటికి వచ్చే గాలి ఆ ముళ్ల వెంట నడుస్తాయని అతని నమ్మకం.

మొదటి రోజు అరుగు మీద ఊరికే కూర్చున్నాడు. రెండో రోజు కూర్చోలేక మంచంలో పడుకున్నాడు. పడుకుంటే దగ్గు.

మూడో రోజు పక్క క్వార్టరు సుగుణమణి మామిడికాయల బుట్టతో వచ్చింది. వెనక ఆమె భర్త యిర్మియా. బాయి ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి, పెన్ను తప్ప ఇంకో పనిముట్టు పట్టి ఎరగడు. ఏటా ఆ లైనులో ఎవరింట మామిడి తొక్కు, అదే ఊరగాయ, పెట్టాలన్నా కాయలు కొట్టేది లింగమూర్తే. బాయి దుంగ ముక్క ఒకటి ఇంటి వెనక ఉంటుంది. దాని మీద కాయ నిలబెట్టి కత్తి వేస్తే టెంక రెండుగా చీలుతుంది. జీడి నలగదు. ముక్క పక్కకు ఎగరదు.

"లింగమూర్తన్నా, యాభై కాయలున్నయ్. గట్టియి చూసి తెచ్చిన," అంటూ సుగుణమణి బుట్ట దించింది.

సారలమ్మ వంటింట్లోంచి ఉరికి వచ్చింది. "ఈయేడు కాదు వదినా. ఆయన చెయ్యి పట్టు తప్పింది. చాయ గిలాసే పట్టలేకపోతున్నడు."

సుగుణమణి మొహం చిన్నబోయింది. "అయ్యో దేవా! గా రాయి పడ్డ చెయ్యేనా? చెప్పనన్న చెప్పకపోతిరి." లింగమూర్తి వైపు తిరిగింది. అతను అప్పటికే కుడి చేతిని తువ్వాల కింద పెట్టుకున్నాడు. "ఫికర్ చెయ్యకు అన్నా. ఆదివారం గుళ్లె అందరితోని ప్రార్థన చేయిస్త. చెయ్యి మళ్ల మంచిగైతది."

లింగమూర్తి నేల చూశాడు.

యిర్మియా ఆ దుంగ మీదనే కాయలు కొట్టడానికి కూర్చున్నాడు. మొదటి కాయ జారి మోరీ కాలువలో పడింది. రెండోది చితికింది. మూడోదానికి టెంకలో కత్తి ఇరుక్కుంటే, కాయతో సహా కత్తిని ఎత్తి దుంగకేసి బాదాడు.

"కొడుతున్నవా, పామును చంపుతున్నవా?" అంది సుగుణమణి.

"నీ కాయలే గట్లున్నయ్."

"కాయలు మంచిగనే ఉన్నయ్. అవి బైబిల్ చదువంగ పగలయ్."

సారలమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. లింగమూర్తి నవ్వలేదు. ప్రతి దెబ్బకూ తువ్వాల కింద అతని వేళ్లు ముడుచుకుంటున్నాయి. కాయను నిలువుగా కాదు, కొంచెం ఏటవాలుగా పెట్టాలి. కత్తి బలంతో కాదు, బరువుతో దిగాలి. చెప్పడానికి రెండు మాటలు చాలు. అవీ చెప్పలేకపోయాడు. నోరు విప్పితే చెయ్యి కూడా లేస్తుందని భయం. ఒకసారి బొటనవేలు దానంతటదే ఎగిరింది. మూడు దినాలుగా ఊరికే ఆడిస్తున్నందుకు అలవాటైపోయిందనుకున్నాడు.

చితికిన ముక్కలనే సుగుణమణి చాటలో వేసుకొని పోయింది.

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. కాలనీలో కుక్క కూడా బయట లేదు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు క్వార్టరు తలుపులు దడదడలాడి ఆగాయి. సారలమ్మ రోకలి తీసుకొని కారం దంచుకోవడానికి సుగుణమణి ఇంటికి పోయింది. జగదీశ్వర్ ఎల్లేశం ఇంట్లో ఉన్నాడు. లింగమూర్తి ఇంటి వెనక రేకుల షెడ్డులోకి పోయాడు. విరిగిన చాట ఒకటి మూలకు పడి ఉంది. దాని అంచు వెదురు బద్దను ఊడదీశాడు. చిన్న కత్తితో చెక్కాడు. కొస సన్నగా, నడుమ నాలుక లేపి, వెనక చీలిక పెట్టి. గంట పట్టింది. చేతిలో చెమట పోసినా కత్తి తప్పలేదు. సూది అయింది.

దారం కూడా ఉంది, మిగిలిన ఉండ ఒకటి, రేకు సందులో తను దాచుకున్నది. విసురు వలకు చాలదు. సంచికి చాలుతుంది.

రోజుకు ఇంత చొప్పున, సారలమ్మ కంట పడకుండా నాలుగు మధ్యాహ్నాలు అల్లాడు. రేకు వేడికి నెత్తి మాడుతున్నా లేవలేదు. ఆ నాలుగు మధ్యాహ్నాలు అతను దగ్గలేదు. సంచికి అడుగు గుండ్రంగా వచ్చింది. పట్టుకునే చోట జడలాగా మూడు పేటలు వేశాడు. ఆఖరి ముడి కొరికి, ఎత్తి ఎండలో చూశాడు. కన్నులన్నీ ఒక్క తీరు. షెడ్డు మేకుకు తగిలించి, వచ్చి మంచంలో పడుకొని చెయ్యి వణికించాడు.

బోర్డు రోజు పొద్దున సారలమ్మ సద్ది కట్టింది. జొన్నరొట్టెలు, సుగుణమణి ఇచ్చిన కొత్త తొక్కు, నీళ్ల సీసా. కాగితాల సంచి జగదీశ్వర్ చంకన పెట్టుకున్నాడు. సద్దికి సంచి దొరకలేదు. బస్సు టైమైందని బయటినుంచి ఎల్లేశం కేకలు. సారలమ్మ షెడ్డులోకి ఉరికింది. మేకు మీది పచ్చ సంచి కనిపించింది. ఒక్క గడియ దాన్ని పట్టుకొని నిలబడింది. తర్వాత సద్ది అందులో పెట్టి మొగుని ఎడమ చేతికి ఇచ్చింది.

బస్సులో రెండు గంటలు పోతే గాని దవాఖాన రాలేదు. వరండాలో బాయి మనుషులే వరసగా కూర్చొని ఉన్నారు. ఒకడు కుంటుతున్నాడు, ఒకడు కండ్లు నలుపుకుంటున్నాడు. ఎవరి రోగం నిజమో, ఎవరిది నేర్చుకున్నదో వాళ్లకే తెలియాలి. లింగమూర్తి పేరు పిలిచేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. "బాపూ, చెయ్యి," అన్నాడు జగదీశ్వర్ మెల్లగా. తండ్రి ఒక్కడే, సద్ది సంచితోనే, లోపలికి పోయాడు.

బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. నడుమ ఉన్న ముసలాయన ఫొటో వెలుతురుకు పెట్టి చూశాడు. "ఛాతి బాగుంది," అన్నాడు. ఆ మాట వింటూనే లింగమూర్తికి దగ్గు తెర వచ్చింది. దగ్గి దగ్గి గోడ పట్టుకున్నాడు. ముసలాయన ఆగేదాకా చూసి, ఫొటో మళ్లీ చూసి, పక్కన పెట్టాడు.

చెయ్యి చూసింది వయసులో చిన్నదైన డాక్టరమ్మ. తన వేళ్లు పట్టుకొని పిసకమంది. మెల్లగా పిసికాడు. గుండీలు పెట్టుకోమంది. రెండుసార్లు జారవిడిచాడు. చెయ్యి చాపమంది. చాపాడు. చలిలో కోడిపిల్ల వణికినట్టు సన్నగా వణికింది. కాగితం మీద ఆరేళ్ల కిందటి రాయి ఉంది. డాక్టరమ్మ ముసలాయన వైపు చూసింది. "పట్టు పోయినట్టే ఉంది సార్."

"రాయమ్మా మరి," అన్నాడు ముసలాయన.

ఆమె పెన్ను తీసుకుంది. లింగమూర్తి వంగి, కుర్చీ కింది సంచిని అందుకున్నాడు. ఎడమ చేతితోనే. అక్కడా మరిచిపోలేదు.

"ఆగండి పెద్దాయనా, ఏదీ ఆ సంచి?" ఆమె మొహం వెలిగింది. సంచి అందుకొని కన్నుల్లోంచి వేలు దూర్చి చూసింది. "ఎంత బాగుంది! మా నాయనమ్మ దగ్గర ఇట్లాంటిదే ఉండేది. ఎక్కడ కొన్నారు?"

కొన్నారు అన్న మాట లింగమూర్తికి గుచ్చుకుంది. బజారులో అమ్మేవి మిషను సంచులు. వాటి ముడి జారుతుంది.

"కొనలే బిడ్డా. నేనే అల్లిన."

గదిలో ఫ్యాను చప్పుడు పెద్దదైంది. డాక్టరమ్మ సంచిని చూసింది. అతని కుడి చేతిని చూసింది. చెయ్యి అప్పుడు వణకడం లేదు. ముసలాయన తల ఎత్తాడు.

ఆమె గొంతు తగ్గించి, మునిగేవాడికి కొమ్మ అందించినట్టు అడిగింది. "పాతదా? రాయి పడకముందు అల్లిందేమో?"

లింగమూర్తి సంచిని చూశాడు. పచ్చ దారం ఇంకా మెరుస్తోంది. ఒక్క పోగు రేగలేదు. దాన్ని ఆరేళ్లనాటిదంటే నిన్న పుట్టిన దూడను ముసలి ఎద్దన్నట్టే.

"కాదు బిడ్డా. మొన్ననే. రోహిణి ఎండలల్ల."

ఆమె సంచిని బల్ల మీదుగా జరిపింది. కాగితం మీద పెన్ను కదిలింది. లింగమూర్తి మూడో తరగతి దాకా చదివాడు, ఇంగ్లీషు రాదు. అయినా మాట పొడుగుదో పొట్టిదో చూస్తే తెలుస్తుంది. ఆమె రాసింది పొట్టి మాట.

దవాఖాన గోడ నీడన తండ్రీ కొడుకులు సద్ది విప్పారు. జగదీశ్వర్ రొట్టె తుంచి తొక్కు అద్దుకున్నాడు.

"ఏమడిగిండ్రు?"

"చెయ్యి చూసిండ్రు."

"గుండీలు?"

"జారగొట్టిన."

"ఇంకా?"

లింగమూర్తి రొట్టె నమిలి మింగాడు. "సంచి బాగున్నదన్నది."

"ఏ సంచి?" అన్నాడు కొడుకు. అని, ఒళ్లో ఉన్న సంచిని చూశాడు. నమిలే దవడ ఆగిపోయింది. "నువ్వేమన్నవ్?"

"నేనల్లిన అన్న."

జగదీశ్వర్ చేతిలో రొట్టెను కాకులకు విసిరేశాడు. "మామ పది దినాలు నెత్తి నోరు కొట్టుకొని చెప్పే. ఒక్కటి, ఒక్కటి అబద్ధం చెప్పరాకపాయెనా బాపూ నీకు!"

"చెప్పిన గదరా. చెయ్యి గురించి చెప్పుమన్నరు, చెప్పిన. సంచి గురించి ఎవలు చెప్పలే."

తిరుగు బస్సులో కొడుకు వేరే సీట్లో కూర్చున్నాడు.

ఎల్లేశం రెండు దినాలు ఆ గడప తొక్కలేదు. మూడోనాడు మిరుగు. ఆ పొద్దున్నే బాయి ఆఫీసునుంచి కబురు వచ్చింది. లింగమూర్తి ఫిట్టు, రేపటినుంచి ఫస్ట్ షిఫ్టు. జగదీశ్వర్ ఫోనులో జమున పేరు తీసి చూశాడు, చేయకుండానే జేబులో పెట్టుకున్నాడు. పొద్దెక్కేసరికి మబ్బు కమ్మి మొదటి వాన పడింది. కాలనీ ఆకుల మీది బొగ్గు దుమ్ము నల్లటి నీళ్లయి కారింది. ఈ ఏడు వల ఇవ్వలేదు గనుక ఒడ్డునుంచి చేప రాలేదు. సారలమ్మ బజారు చేప తెచ్చి పులుసు పెట్టింది. మామిడి ముక్కలు వేసి, మెంతిపొడి చల్లి, ప్రతి ఏడు పెట్టినట్టే. దించాక మూత మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడింది.

"షెడ్డుల సంచి చూసినప్పుడే నాకెర్కైంది," అంది మొగునితో, మెల్లగా. "బట్ట సంచి ఎతికితే దొరుకుతుండె. గన్ని దినాల సంది ముడుసుకొని పడ్డవ్, నువ్వల్లింది నీ చేతిల ఉండనీ అని ఇచ్చి తోలిన. తప్పు నాది గూడ."

లింగమూర్తి కంచం ముందు కూర్చున్నాడు.

అప్పుడే సుగుణమణి వచ్చింది. నెత్తిన కొంగు, చేతిలో తొక్కు జాడీ. వానలో తడిసి వచ్చినా మొహం వెలిగిపోతోంది.

"వదినా! దేవుడు విన్నడు! అన్న చెయ్యి మంచిగైందట గదా, బోర్డోళ్లే రాసిచ్చిండ్రట! గుళ్లె నలభై మందిమి మోకరించినం." ఆమె లింగమూర్తి కుడి చేతిని పట్టుకొని కండ్లకద్దుకుంది.

జగదీశ్వర్ గోడవైపు తిరిగాడు.

"విన్నడు వదినా," అంది సారలమ్మ. జాడీ అందుకుంది. "విన్నడు."

సుగుణమణి పోయాక ఇంట్లో ఎవరూ తినలేదు. పులుసు మీద నూనె తెట్టె కట్టింది. జగదీశ్వర్ లేచి వంటింట్లోకి పోయాడు. డ్రమ్ము మూత కింద పడ్డ చప్పుడు. బియ్యంలోంచి వల మూటను లాగి తెచ్చి తండ్రి ముందు పడేశాడు. బియ్యపు గింజలు నేలమీద చెదిరాయి.

"అల్లు బాపూ. ఇగ ఎవలకు భయం? అరుగు మీద కూసొని అల్లు. కాలనీ అంత చూడని."

కోపంతో అన్నాడు. అయినా లింగమూర్తి మూట విప్పాడు. పదమూడు దినాల కింద ఆగిన కన్ను అట్లాగే ఉంది. అరుగు మీదికి పోయి, దారం కాలి బొటనవేలికి తగిలించాడు. బద్ద పెట్టాడు. సూది తిప్పాడు. కొస కన్నులోకి పోలేదు, పక్కకు పోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ పక్కకే. బొటనవేలు ఎగిరింది. ఎడమ చేతితో కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అయినా ఎగిరింది. సూది జారి మెట్ల మీద పడింది.

జగదీశ్వర్ గుమ్మంలో నిలబడి చూశాడు. నవ్వాడు, ఏడుపు లాంటి నవ్వు.

"బోర్డు అయిపోయింది బాపూ. ఇంకా ఎవలకు చూపిస్తున్నవ్? బంద్ చెయ్యి."

"బంద్ అయితలేదురా," అన్నాడు లింగమూర్తి.

కొడుకు చెప్పులు వేసుకొని వానలోకి పోయాడు.

సారలమ్మ వచ్చి సూదిని తీసింది. ఇయ్యబోయి ఆగింది. పది దినాలు ఆమె ఆ వణుకుడు చూసింది. అది మోచేతి దాకా ఆడేది, ఎవరైనా చూస్తుంటేనే ఆడేది. ఇప్పుడు చూసేవాళ్లు లేరు. ఒక్క బొటనవేలు మాత్రమే, ఒడ్డున పడ్డ చేప తోకలాగా, ఆగి ఆగి కొట్టుకుంటోంది. లింగమూర్తి తన చేతినే వేరేవాళ్ల చెయ్యి చూసినట్టు చూస్తున్నాడు.

"జగదీశూ!" అని వానలోకి కేక వేసింది. "ఓ జగదీశూ, ఇగో ఒక్కసారి వచ్చి చూడు బిడ్డా!"

వాన చప్పుడులో ఆ కేక వీధి మలుపు దాటలేదు.

"పొద్దుగాల ఫస్ట్ షిఫ్టు," అన్నాడు లింగమూర్తి. "దుంగ పట్టాలె."

సారలమ్మ పక్కన కూర్చొని ఆ చేతిని తన రెండు చేతుల నడుమ పెట్టుకొని బిగించి పట్టుకుంది. వణుకు ఆమె గుప్పిట్లో కూడా ఆగలేదు.